ఆరుద్ర పురుగు నుంచి అలుగు దాకా: కనబడిన జంతువు ఏ వర్గానిదో తేల్చుకోవడం ఎలా

తొలకరి పడి నేల తడవగానే ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగుల్ని చూసే ఉంటారు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్నవాళ్లూ మీలో ఉంటారు. ఈసారి కనబడితే ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది వస్తాయి. అంటే ఈగకీ చీమకీ అది చుట్టం కాదు. దాని దగ్గరి బంధువులు సాలీడు, తేలు, గేదె చెవిలో పట్టుకుని వేలాడే పిడుదు.

మన భాషలో "పురుగు", "పాము", "చేప" అనే మాటలకి చాలా పెద్ద మనసు. ఎవరొచ్చినా చోటిస్తాయి. వానపాము పాము కాదు, ఏలికపామూ కాదు. నక్షత్రచేపకీ జెల్లీచేపకీ చేపతో సంబంధం లేదు. అలాగని పేరులో ఉన్నదంతా అబద్ధమనుకున్నా దెబ్బతింటాం. గుడ్డిపాము చూడ్డానికి అచ్చం వానపాములా ఉంటుంది, కానీ అసలు సిసలు పాము. గుర్రం మొహం పెట్టుకున్న సముద్రపు గుర్రం నిఖార్సైన చేప.

ఇంటర్ బైపీసీ పిల్లలు ఈ పాఠాన్ని పట్టికలుగా బట్టీ పడతారు. పరీక్ష గట్టెక్కుతుంది గానీ, పెరట్లో ఏదైనా కనబడితే ఆ పట్టిక అక్కరకు రాదు. నా మటుకు నాకు పనికొచ్చింది వరసగా వేసుకునే కొన్ని ప్రశ్నలు. ఏ ప్రశ్న ముందు, ఏది వెనక అన్నదే ఇందులో కీలకం. ఆ వరసలోనే చెబుతాను.

మొదటి అంచె: చేతిలో ఉండాల్సినవి, చేయకూడనివి

పది రెట్లు పెద్దగా చూపే లెన్స్ ఒకటి కొనుక్కోండి. తెల్ల కాగితం, మూత ఉన్న పారదర్శకమైన డబ్బా, ఫోన్ కెమెరా, చిన్న నోట్‌బుక్ ఉంటే చాలు. ఫొటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వీలైతే డబ్బా అడుగు నుంచి ఒకటి తీయండి. కాళ్లు, నోరు కిందనే ఉంటాయి కాబట్టి ఆ మూడో ఫొటోయే ఎక్కువసార్లు విషయం తేలుస్తుంది. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది.

పాము అని అనుమానం ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. తేలు, జెర్రి, నూగు ఉన్న గొంగళి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీ, ఇవీ అంతే. జెల్లీ చచ్చిపోయినా దాని దంశకణాలు, అంటే కుట్టే కణాలు, పనిచేస్తూనే ఉంటాయి. గుర్తింపు కోసం దేన్నీ చంపనక్కర్లేదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చాలా జంతువుల్ని పట్టుకోవడమే నేరం. సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా 2001 నుంచి ఆ జాబితాలో ఉన్నాయి.

రెండో అంచె: మోసం చేసే మూడింటిని పక్కన పెట్టండి

పేరు సంగతి చెప్పుకున్నాం. రెండోది నివాసం. నీళ్లలో ఉంటే చేప, ఎగిరితే పక్షి అనే లెక్క డాల్ఫిన్ దగ్గరా గబ్బిలం దగ్గరా తప్పుతుంది. మూడోది ఆకారం. ఒకే రకం బతుకు బతికే జీవులు ఎంత దూరపు చుట్టాలైనా ఒకే ఆకారంలోకి వస్తాయి. నీటిని చీల్చుకుంటూ పోవాలంటే ఒళ్లు కదురులా ఉండాల్సిందే, అందుకే సొరకీ డాల్ఫిన్‌కీ పోలిక. మట్టిలో దూరాలంటే కాళ్లు అడ్డం, అందుకే వానపాముకీ గుడ్డిపాముకీ పోలిక.

వీటి బదులు చూడాల్సింది ఒంటి కట్టడం. సౌష్ఠవం (ఒంటి సగాల పొందిక) ఎలా ఉంది, లోపల వెన్ను ఉందా, ఒళ్లు ఖండాలుగా ఉందా, కాళ్లకు కీళ్లున్నాయా, చర్మం మీద ఏముంది, పిల్లల్ని ఎలా పెంచుతుంది. 1758లో జీవుల వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తిమింగలాల్ని చేపల నుంచి తీసి క్షీరదాల్లో కలిపింది ఈ చూపుతోనే. ఆ మహానుభావుడే కీటకాలు కాని వెన్నులేని జీవులన్నిటినీ దాదాపుగా "పురుగులు" అనే ఒకే గంపలో వేసేశాడు. కాబట్టి మన "పురుగు" గురించి మరీ సిగ్గుపడనక్కర్లేదు.

మూడో అంచె: అసలు అది జంతువేనా?

ఇది చాలామంది దాటేసే ప్రశ్న. జంతువు అంటే బహుకణజీవి, కణాలకు గోడ ఉండదు, ఆహారం తయారు చేసుకోలేక ఇంకొకరిని తిని బతుకుతుంది. అమీబా ఈ లెక్కలో జంతువు కాదు, ఒకే కణం. పగడం మాత్రం రాయిలా ఉన్నా, కదలకపోయినా జంతువే. ఆ రాయి దాని గూడు, లోపలి మెత్తటి పాలిప్ అసలు ప్రాణి.

స్పంజికలు కూడా ఇక్కడే తేలిపోతాయి. ఒంటి నిండా సన్నటి రంధ్రాలు, వాటిలోంచి నీళ్లు లోపలికి పోయి పెద్ద రంధ్రం గుండా బయటికి వస్తాయి. నోరు లేదు, నాడులు లేవు, నిజమైన కణజాలాలు లేవు. ఇలాంటిది కనబడితే పొరిఫెరా అని రాసుకుని ముందుకెళ్లండి.

నాలుగో అంచె: ఎన్ని విధాలుగా సగానికి కోయొచ్చు?

నిజంగా కోయమని కాదు, మనసులో గీత గీయండి. దోసెని మధ్యలోంచి ఎటు కోసినా రెండు సగాలూ ఒకేలా ఉంటాయి. అది వలయ సౌష్ఠవం. చెప్పుని అలా కోయలేం, నిలువునా కూడా కుదరదు. మనిషి ఒంటిని మాత్రం నిలువుగా ఒకే ఒక్క గీతతో కుడి ఎడమలుగా చేయొచ్చు. అది ద్విపార్శ్వ సౌష్ఠవం.

వలయ సౌష్ఠవం కనబడి, ఒళ్లు మెత్తగా ఉండి, నోటి చుట్టూ తడిమే తీగల్లాంటి స్పర్శకాలుంటే నిడేరియా అనుకోండి. జెల్లీచేప, సీ అనిమోన్, పగడం, హైడ్రా ఈ వర్గానివి. వీటికి తినే దారీ విసర్జించే దారీ ఒకటే. ఈ వర్గానికి ముద్ర దంశకణం. చుట్టచుట్టుకున్న దారంలాంటి ముల్లు అందులో ఉంటుంది, తగలగానే ఎగిరి గుచ్చుకుంటుంది.

ఐదు చేతులు కనబడి, చర్మం గరుకుగా ముళ్లతో ఉంటే ఎఖైనోడెర్మేటా. నక్షత్రచేపని వెల్లకిలా తిప్పితే చేతుల కింద వరసగా సన్నటి గొట్టాలు కదులుతుంటాయి. అవే నాళికా పాదాలు, నీటి ఒత్తిడితో పనిచేస్తాయి. ఈ వర్గంలో మంచినీటి జీవి ఒక్కటీ లేదు, అన్నీ సముద్రంవే. చెరువులో నక్షత్రచేప దొరికిందని ఎవరైనా చెబితే ధైర్యంగా నవ్వొచ్చు. ఇక్కడే ఒక మెలిక కూడా ఉంది. వీటి లార్వాలు ద్విపార్శ్వ సౌష్ఠవంతో పుడతాయి, ఐదు చేతుల రూపం తర్వాత వస్తుంది. అందుకే ఇవి జెల్లీకి దూరం, వెన్నెముక ఉన్న మనకి దగ్గర. వినడానికి వింతగా ఉన్నా పిండం పెరిగే తీరు అదే చెబుతోంది.

ఐదో అంచె: లోపల వెన్నెముక ఉందా?

ద్విపార్శ్వ సౌష్ఠవం ఉన్న జీవి అయితే ఇప్పుడు ఈ ప్రశ్న. చేపలో, కప్పలో, పాములో, పిట్టలో, మేకలో ఎముకల గొలుసు ఉంటుంది. అది ఉంటే నేరుగా ఎనిమిదో అంచెకు వెళ్లండి. లేకపోతే ఇక్కడే ఉండండి. జంతుజాతుల్లో నూటికి తొంభై ఐదుకి పైగా ఈ రెండో గుంపువే.

వెన్నెముక ఉన్నవన్నీ చేరేది కార్డేటా వర్గంలో. కానీ పుస్తకాల్లో కార్డేటా లక్షణం వెన్నెముక అని ఉండదు, పృష్ఠవంశం అని ఉంటుంది. జీవితంలో ఏదో ఒక దశలో వీపు వెంట బెత్తంలాంటి పృష్ఠవంశం, దాని పైన బోలు నాడీదండం, గ్రసనిలో (నోటి వెనక గొంతు భాగంలో) చీలికలు, పాయువు దాటి సాగే తోక. ఇవి కార్డేట్లకు గుర్తులు. సముద్రంలో రాళ్లకు అతుక్కుని తోలుసంచిలా ఉండే సీ స్క్వర్ట్‌కి వెన్నెముక లేదు, కానీ దాని తోకకప్పలాంటి లార్వాలో పృష్ఠవంశం ఉంది. అందుకని అదీ కార్డేటే. మామూలుగా మనకు ఎదురయ్యే జీవులకు వెన్నెముక ప్రశ్న చాలు.

ఆరో అంచె: కాళ్లు లేని పొడుగాటి "పాములు", "పురుగులు"

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే, అందుకే నిదానంగా చూద్దాం.

రిబ్బన్‌లా బల్లపరుపుగా ఉంటే ప్లాటీహెల్మింథిస్. పేగుల్లో ఉండే బద్దె పురుగు పేరు ఎంత చక్కగా కుదిరిందో చూడండి, నిజంగా వెదురు బద్దలా చదునుగానే ఉంటుంది. దానికి నోరు, ఆహారనాళం కూడా లేవు. మనం జీర్ణం చేసిన దాన్ని ఒంటి పైపొరతోనే పీల్చుకుంటుంది.

దారంలా గుండ్రంగా, రెండు కొసలూ సన్నగా, నున్నగా, ఒంటిమీద ఖండాలు లేకుండా ఉంటే నెమటోడా. ఏలికపాము, కొంకిపురుగు, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు ఈ వర్గం. బడుల్లో, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర నమిలి మింగేది ఏలికపాము, కొంకిపురుగుల్లాంటి పేగు పురుగుల కోసమే. ఆ దినం 2015లో మొదలైంది. మా తాతల తరం భయపడిన నారికురుపు కూడా ఒక నెమటోడ్ పనే. కాలి పొక్కులోంచి బయటికొచ్చే ఆ పురుగుని పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెంగా లాగేవారు. దిగుడుబావులు మూసి, నీళ్లు వడకట్టుకోవడం నేర్పి దాన్ని తరిమేశారు. 2000లో మన దేశానికి ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఒంటి నిండా ఉంగరాలు పేర్చినట్టు ఖండాలుంటే అనెలిడా. వానపాము, జలగ. పెద్ద వానపాముకి తలవైపు కొంచెం లావుగా, రంగు తేడాగా ఒక పట్టీ కనబడుతుంది, గుడ్ల గూడు కట్టేది దానితోనే. వానపాము చర్మంతో గాలి పీలుస్తుంది కాబట్టి ఒళ్లు ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండలో సిమెంటు రోడ్డు మీద పడితే ప్రాణం పోయేది అందుకే.

ఇక అసలు ఉచ్చు. కాళ్లు లేనట్టున్న తెల్లటి పురుగు కనబడగానే వానపాము చుట్టం అనుకోకండి, అది కీటకం పిల్ల కావచ్చు. వంకాయ కోస్తే కనబడే పురుగు ఒక రెక్కల పురుగు గొంగళి దశ. లెన్స్‌తో చూస్తే తల, ముందువైపు మూడు జతల చిన్న కాళ్లు, వెనక కండగల బుడిపెలు కనబడతాయి. జామకాయలో గిలగిల్లాడేదానికి కాళ్లే ఉండవు, అది పండు ఈగ పిల్ల. రెండూ కీటకాలే. వానపాముకి ముందు నుంచి వెనక దాకా పదుల కొద్దీ ఖండాలుంటాయి. ఈగ పిల్లకి పన్నెండు లోపే ఉంటాయి, ఒక కొస సూదిగా, ఇంకో కొస నరికినట్టు మొద్దుగా ఉంటుంది.

మెత్తటి ఒళ్లుండి ఖండాలు లేకపోతే, కింద కండగల పాదంతో జారుతూ జిగురు వదిలితే మొలస్కా. నత్త, ఆల్చిప్ప, గవ్వ, శంఖం అందరికీ తెలిసినవే. పెంకు లేని స్లగ్ కూడా నత్త కుటుంబీకురాలే. ఆక్టోపస్, స్క్విడ్ ఇదే వర్గమంటే చాలామంది నమ్మరు. వాటిలో ఆ పాదం చేతులుగా మారింది. ఆక్టోపస్‌కి గుండెలు మూడు, నెత్తురు నీలం. మనకి ఇనుము చేసే పని వాటి నెత్తుట్లో రాగి చేస్తుంది.

ఏడో అంచె: కీళ్ల కాళ్లుంటే లెక్క మొదలుపెట్టండి

గట్టి పైపెంకు, కీళ్లున్న కాళ్లు. ఈ రెండూ ఉంటే ఆర్థ్రోపోడా. పేరు పెట్టిన జంతుజాతుల్లో నూటికి ఎనభై దాకా ఈ ఒక్క వర్గమే, అందులో కీటకాలే సుమారు పది లక్షలు. పైపెంకు ఒంటితో పాటు పెరగదు కాబట్టి వీళ్లందరూ కుబుసం విడవాల్సిందే. గోడకు అతుక్కుని కనబడే ఖాళీ బొద్దింక తొడుగు అదే.

ఆరు కాళ్లు, తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు, ఒక జత మీసాలు: కీటకం. రెక్కలుంటే ఇంకా తేలిక, ఎందుకంటే వెన్నెముక లేనివాటిలో రెక్కలున్నది కీటకాలకే. రెక్కలు రెండు జతలుండాలి కదా అని సందేహించకండి, ఈగకీ దోమకీ ఒక్క జతే. వెనక జత బదులు చిన్న గుబ్బలుంటాయి, ఎగిరేటప్పుడు ఒరిగిపోకుండా చూస్తాయి. పేనుకీ నల్లికీ రెక్కలే లేవు, అయినా ఆరు కాళ్లు ఉన్నాయి కాబట్టి కీటకాలే.

ఎనిమిది కాళ్లు, మీసాలు లేవు: సాలీళ్ల విభాగం. తేలు పట్టుకార్లని కాళ్లలో కలపొద్దు, అవి నోటి దగ్గరి అవయవాలు. అవి తీసేస్తే తేలుకీ ఎనిమిదే.

రెండు జతల మీసాలు: క్రస్టేసియా. రొయ్యనీ పీతనీ పళ్లెంలో కాకుండా ఒకసారి బకెట్లో చూడండి. నడిచే కాళ్లు ఐదు జతలు, పీత డెక్కలు ఆ లెక్కలోవే. 2009 నుంచి మన చెరువుల్ని ఏలుతున్న వనామీ రొయ్య పసిఫిక్ తీరం నుంచి వచ్చిందైనా కట్టడం అదే. పూలకుండీ ఎత్తితే కింద కనబడే, ముట్టుకుంటే గోళీలా చుట్టుకునే బూడిదరంగు బుల్లి జీవికి ఏడు జతల కాళ్లుంటే అదీ రొయ్య బంధువే, నేలమీద స్థిరపడిన శాఖ.

ఖండానికో జత కాళ్లు: జెర్రి. చాలా ఖండాలకు రెండేసి జతలు: రోకలిబండ. జెర్రి చదునుగా ఉంటుంది, పరుగెత్తుతుంది, వేటాడుతుంది. దాని మొదటి జత కాళ్లే విషపు కోరలుగా మారాయి. రోకలిబండ గుండ్రంగా ఉంటుంది, నింపాదిగా నడుస్తుంది, కుళ్లిన ఆకు తింటుంది, భయపడితే చుట్టచుట్టుకుంటుంది. పుస్తకాలు పెట్టిన శతపాది, సహస్రపాది పేర్లు సరదా పేర్లే. జెర్రి కాళ్ల జతల సంఖ్య ఎప్పుడూ బేసి, కాబట్టి సరిగ్గా వంద కాళ్లు రానే రావు. వెయ్యి దాటిన సహస్రపాది మాత్రం ఒకటి దొరికింది. ఆస్ట్రేలియా భూగర్భంలో, 1,306 కాళ్లతో. 2021లో దాని సంగతి లోకానికి తెలిసింది.

కాళ్ల లెక్క వల్ల డబ్బులు మిగులుతాయా అని అడిగేవాళ్ల కోసం మిరపచేను ఉదాహరణ. ఆకులు దొప్పల్లా పైకి ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగుల పని. ఆకులు కిందకి ముడుచుకుని తిరగేసిన పడవల్లా అయితే కింది ముడత, అది తెల్లనల్లి పని. తామర పురుగు ఆరు కాళ్ల కీటకం. తెల్లనల్లి సాలీళ్ల విభాగం. ఒకదాని మందు చాలాసార్లు రెండోదాని మీద పనిచేయదు, నల్లికి నల్లిమందే కొట్టాలి. ఆకు తిరగేసి లెన్స్ పెట్టి చూడకుండా డబ్బా కొనుక్కొచ్చినవాళ్లు రెండుసార్లు ఖర్చు పెట్టడం ఎన్నిసార్లో చూశాను. ఇక్కడ ఒక జాగ్రత్త. గుడ్డులోంచి వచ్చిన నల్లి పిల్లకి మొదట ఆరు కాళ్లే ఉంటాయి. ఒకటి కాకుండా పది చూసి లెక్కపెట్టండి. మంచం నల్లి మళ్లీ వేరు, అది కీటకం. చేలో నల్లికీ మంచంలో నల్లికీ పేరు తప్ప పొత్తు లేదు.

ఎనిమిదో అంచె: వెన్నెముక ఉన్నవాటిని చర్మం చూసి విడదీయండి

ఈక ఒక్కటి ఉన్నా పక్షి. నేడు బతికున్న జంతువుల్లో ఇంకెవరికీ ఈక లేదు. దీనికి మించిన తేలికైన ప్రశ్న ఈ మొత్తం వరసలో లేదు, కాబట్టి ముందు ఇదే వేసుకోండి. ఎగరడం గుర్తు కాదు, ఉష్ట్రపక్షి ఎగరదు.

వెంట్రుక ఉంటే, పిల్లకి పాలిస్తే క్షీరదం. క్షీరం ఇచ్చేది క్షీరదం, ఇంత నిజాయితీ గల శాస్త్రపదం ఇంకోటి లేదేమో. గబ్బిలాన్ని దగ్గరగా చూస్తే ఒళ్లంతా నూగు, రెక్క అనుకున్నది పొడవాటి వేళ్ల మధ్య సాగిన చర్మం. అలుగు ఒంటిమీద పొలుసులు చూసి సరీసృపం అనుకుంటారు. ఆ పొలుసులు మన గోళ్ల పదార్థమే, పొట్ట వైపు వెంట్రుకలుంటాయి, పిల్లకి పాలిస్తుంది. డాల్ఫిన్‌కి పుట్టినప్పుడు మూతి మీద నాలుగు వెంట్రుకలుంటాయి, తర్వాత రాలిపోతాయి. గుడ్లు పెట్టే ప్లాటిపస్ కూడా పాలిస్తుంది కాబట్టి క్షీరదమే. పావురం కూడా పిల్లలకి "పాలు" పడుతుందంటారు. అది గొంతు సంచిలో ఊరే పదార్థం, పాలగ్రంథులు లేవు, ఈకలున్నాయి, పక్షే. ఎముకల పుర్రె మాత్రమే దొరికితే కింది దవడ చూడండి. క్షీరదానికి అటొకటి ఇటొకటి ఎముక, అంతే. సరీసృపానికి ఒక్కో వైపు చాలా ముక్కలుంటాయి.

పొడి పొలుసుల చర్మం, ఊపిరితిత్తులు: సరీసృపం. బల్లి, తొండ, ఊసరవెల్లి, ఉడుము, పాము, తాబేలు, మొసలి. పాముకీ కాళ్లు లేని బల్లికీ తేడా చెప్పడానికి కనురెప్పలు చూడమంటారు, పాముకి ఆర్పే రెప్పలుండవని. మంచి గుర్తే గానీ మన గోడమీది బల్లికీ రెప్పలుండవు, నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. చెవి రంధ్రం కూడా చూడండి, పాముకి అది అసలే ఉండదు.

పొలుసులు లేని తడి చర్మం, పిల్లదశ నీళ్లలో మొప్పలతో, పెద్దయ్యాక ఎక్కువగా నేలమీద: ఉభయచరం. కప్ప, గోదురుకప్ప తెలిసినవే. పడమటి కనుమల మట్టిలో కాళ్లు లేని సిసీలియన్లుంటాయి, వానపామనో పామనో పొరబడతారు. వానపాములాగే ఉంగరాలుంటాయి, కానీ లోపల వెన్నెముక, నోట్లో పళ్లు ఉన్నాయి.

జీవితాంతం మొప్పలు, ఈదడానికి రెక్కలు: చేప. ఇందులో రెండు ముఖ్య శాఖలు. తల పక్కన మొప్పల మీద మూత ఉంటే అస్థి చేప. గోదావరికి ఎదురీదే పులస, మన కొరమీను, జెల్ల, సముద్రపు గుర్రం ఇవే. మూత లేకుండా ఐదు నుంచి ఏడు చీలికలు విడివిడిగా కనబడితే మృదులాస్థి చేప. సొర, టేకు చేప. సొర చర్మం తోక నుంచి తలవైపు నిమిరితే గరుకు కాగితంలా గీసుకుంటుంది. పొలుసు లేదు కాబట్టి చేప కాదనే వాదన చేపల మార్కెట్లోనే ఓడిపోతుంది, జెల్లకి పొలుసు ఎక్కడుంది?

ఒడ్డుకొచ్చింది పెద్ద చేపా డాల్ఫినా అని దూరం నుంచే తేల్చాలంటే తోక చూడండి. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. డాల్ఫిన్, తిమింగలాల తోక అడ్డంగా ఉండి పైకీ కిందకీ ఊగుతుంది. అప్పుడప్పుడూ ఉత్తరాంధ్ర తీరంలో కనబడే వేల్ షార్క్ పేరులో తిమింగలం ఉన్నా తోక నిలువు, మొప్పల చీలికలున్నాయి. ప్రపంచంలో అతి పెద్ద చేప అదే.

తొమ్మిదో అంచె: తేల్చినదాన్ని చిరునామాలా రాసుకోండి

వర్గం తేలితే ఊరు తెలిసినట్టు. ఇంటి నంబరు దాకా వెళ్లాలంటే రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అనే ఏడు మెట్లు దిగాలి. పాలపిట్ట చిరునామా ఇలా ఉంటుంది: జంతురాజ్యం, కార్డేటా, ఏవీస్, కొరాసిఫార్మిస్, కొరాసిడే, కొరాసియస్, బెంగాలెన్సిస్. లకుముకి పిట్టది కూడా ఇదే క్రమం, కుటుంబం దగ్గర దారి చీలుతుంది. శాస్త్రీయనామంలో ప్రజాతి, జాతి రెండే రాస్తారు. ఇంగ్లిషు లిపిలో ప్రజాతికి పెద్దక్షరం, జాతికి చిన్నక్షరం, రెండూ ఏటవాలుగా.

ఫొటో ఎక్కించి జాతి పేరు అడగడానికి ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌లున్నాయి. వాడండి, కానీ మీ అంచెలు పూర్తయ్యాక. యాప్ ఆకారం చూసి చెబుతుంది, మన మొదటి పాఠమే ఆకారం మోసం చేస్తుందని. మీరు ఎనిమిది కాళ్లు లెక్కపెట్టిన దానికి అది కీటకం పేరు చెబితే మీ లెక్కనే నమ్మండి.

చదువుకునే పిల్లలకు ఒక మాట. ఈ గుంపులు రాతిమీద చెక్కినవి కావు. జన్యువులు చదవడం వచ్చాక చాలా మారాయి. మొసలికి బల్లికన్నా పక్షే దగ్గరి చుట్టమని తేలింది. చెదపురుగులు బొద్దింకల క్రమంలో కలిసిపోయాయి. తిమింగలానికి బతికున్న జంతువుల్లో అతి దగ్గరి బంధువు నీటిగుర్రం. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయండి, మార్కులు అక్కడే ఉన్నాయి.

పదో అంచె: మొత్తం ఒకసారి చేసి చూద్దాం

వానాకాలం, బాత్‌రూమ్ జాలీ పక్కన జానెడు కన్నా చిన్నది, నల్లటిది, దారం కన్నా కాస్త లావుగా మెలికలు తిరుగుతోంది. ఇంట్లో అందరూ వానపాము అన్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకుని నీళ్లు కొట్టి జాలీలోకి పంపేసేవాణ్ని. ఆ రోజు మాత్రం డబ్బా బోర్లించాను.

జంతువే. ద్విపార్శ్వ సౌష్ఠవం. కాళ్లు లేవు. వానపామైతే ఒళ్లు సాగుతూ ముడుచుకుంటూ పోవాలి, ఇది పొడవు మారకుండా అటూ ఇటూ మెలికలు తిరుగుతోంది. లోపల వెన్ను ఉందని ఆ కదలికే చెప్పింది. లెన్స్ పెడితే ఉంగరాలు లేవు, నూనె రాసినట్టు మెరిసే సన్నటి పొలుసులున్నాయి. చర్మం పొడి. తల దగ్గర పొలుసు కింద రెండు నల్లచుక్కలు, అవి కళ్లు. క్షణం పాటు నాలుక బయటికొచ్చి పోయింది. తోక కొసన బుల్లి ముల్లు. సరీసృపం, పాము, గుడ్డిపాము.

దీని సంగతి చదివితే ఇంకా తమాషా. 1796లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ ప్రచురించిన పాముల గ్రంథంలో మన విశాఖపట్నం దగ్గర దొరికిన ఈ పాము బొమ్మ ఉంది, దాని ఆధారంగా 1803లో ఫ్రాన్స్‌లో శాస్త్రీయనామం పెట్టారు. విషం లేదు, చీమల గుడ్లు, చెదపురుగులు తింటుంది. తెలిసినంతలో అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. అందుకే పూలకుండీ మట్టిలో ఒక్కటి దాక్కుని ఓడెక్కినా చాలు, కొత్త దేశంలో కాపురం పెట్టేస్తుంది.

నోట్‌బుక్‌లో తేదీ, చోటు, పొడవు 13 సెంటీమీటర్లు అని రాశాను. దాన్ని అట్టముక్క మీదకి ఎక్కించి మందారం మొదట్లో వదిలితే, ముందు తోక ముల్లు నేలకి ఆనించి, రెండు నిమిషాల్లో మట్టిలోకి దూరిపోయింది.